లస్మిని వైపు తలుపు

ఆగస్టు 2, శుక్రవారం, మా జావా అయిదు రోజుల వారంలో లెగి

మళ్ళీ తెరుచుకుంది.

సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయిపోయింది. మైకు కట్టేసే ముందు మసీదు ముసలాయన గొంతు సవరించుకోవడం వినిపించింది. అంతలో షెడ్డులోంచి టక్ మని చప్పుడు. వెళ్ళి చూస్తే కారుకి లస్మిని వైపు తలుపు వేలెడంత తెరుచుకుని ఉంది. నా వైపుది బిగిసే ఉంది. రెండు తలుపులదీ ఒకే వయసు, ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఎండ. అదొక్కటే ఎందుకు తెరుచుకుంటుందో నాకు తెలుసు. పైకి చెప్పను. చెబితే మా అమ్మాయి ఆరుమ్ నన్ను డాక్టరు దగ్గర కూర్చోబెడుతుంది.

"రావే, కాఫీ చల్లారిపోతోంది" అన్నాను. తలుపు మూసి ఇంట్లోకి వచ్చాను.

వచ్చే నెల ఎనిమిదికి మా ఆవిడ లస్మిని పోయి వెయ్యో రోజు. సమాధికి రాయి పెట్టాలి, మేకని కొయ్యాలి, వీధి వాళ్ళని పిలిచి ప్రార్థన చదివించి అన్నం పెట్టాలి. ఆ రోజుతో పోయిన మనిషి ఇంటి చుట్టూ తిరగడం మానేసి తన దారిన తను వెళ్ళిపోతుందని మా పెద్దవాళ్ళ మాట. నలభయ్యో రోజుకి, నూరో రోజుకి ఇలా ఉండలేదు. అప్పుడు ఇంకా టైముంది అనుకునేవాడిని.

ఆ తర్వాత ఆ తలుపు ఎవరు తీస్తారు?

ఆగస్టు 3

ఈ రోజూ తీసింది. అజాన్ అయ్యాకే.

ఆగస్టు 6, మంగళవారం, క్లివోన్

ఆరుమ్ పిల్లాడిని చంకనేసుకుని తులుంగాగుంగ్ నుంచి వచ్చింది. వీడు దాని తొలిచూలు, లస్మిని చూడని మనవడు. టోఫు కొనుక్కొద్దామంటే బండి తీశాను. వెనక కూర్చోమన్నాను.

"ముందు సీటు ఖాళీగానే ఉందిగా" అంటూ ఎక్కేసింది. లస్మిని పోయాక ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నదాన్ని దిగమనలేక ఊరుకున్నాను.

బ్రాంతాస్ నది వంతెన మలుపులో టక్. నా బండి పాత ఇటలీ బండి. ముందు తలుపులకి బందులు వెనక వైపు ఉంటాయి, ముందు నుంచి తెరుచుకుంటాయి. గాలి దూరిందంటే తలుపు చేతికి అందదు. ఆరుమ్ ఒక చేత్తో పిల్లాడిని అదుముకుని, రెండో చేత్తో తలుపుని లాక్కుని పట్టుకుంది.

"ఆపు నాన్నా! ఆపమంటున్నానా!"

"ఏం కాలేదు. వేలెడంతే తెరుచుకుంది, చూడు. పూర్తిగా రాదు. ఒరిజినల్ గడియంటే అదీ."

"నీ ఒరిజినల్‌ని నెత్తిన పెట్టుకుని నువ్వే ఊరేగు" అని దిగిపోయింది. రిక్షా మాట్లాడుకుని ఇంటికి వచ్చింది. నేను ఖాళీ సీటుతో దాని వెనకే నెమ్మదిగా వచ్చాను.

అన్నాలయ్యాక అసలు సంగతి చెప్పింది. "వెయ్యో రోజున నేనూ, వీడూ ఈ బండిలోనే అమ్మ దగ్గరికి రావాలి. అమ్మ సీట్లోనే కూర్చోవాలి. తెగాల్‌లో కొత్త గడియలు పోత పోస్తున్నారు. ఒకటి పంపించమని చెప్పాను. అది పెట్టించు, బెల్టు కూడా పెట్టించు. లేదంటే మేం వ్యాన్‌లో వెళ్తాం, నువ్వొక్కడివే రా. ఆ రోజనే కాదు, నా కొడుకు ఇక ఈ బండి ఎక్కడు."

"డూప్లికేటా? ఈ బండికా? మన కెదిరి మొత్తానికి అన్నీ ఒరిజినలే ఉన్న బండి ఇదొక్కటే. పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఇత్తడి బిళ్ళ ఊరికే ఇచ్చారా?"

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు."

"మీ అమ్మ ఏనాడైనా డూప్లికేట్ పెట్టమందా? ఒరిజినలే ఉండాలి అంటే అలాగేనండీ అనేది. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నాం."

ఆరుమ్ నా వంక అదోలా చూసింది. తర్వాత పిల్లాడి మూతి తుడవడం మొదలుపెట్టింది. అక్కడ తుడవడానికేమీ లేదు.

ఆగస్టు 9

తెగాల్ నుంచి పార్సెల్ వచ్చింది. విప్పలేదు. సొరుగులో పడేశాను.

సాయంత్రం విప్పాను. మరీ తేలిగ్గా ఉంది, బొమ్మల కొట్టు సరుకులా. చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టర్‌గా చేసినవాడి చేతికి ఇలాంటిది ఇస్తే అవమానమే. మళ్ళీ సొరుగులోనే పడేశాను.

తలుపు తీసింది. ఇలాంటిది బిగిస్తే తను ఎలా తీస్తుంది?

ఆగస్టు 11, ఆదివారం, క్లివోన్

దారి దొరికింది. గడియ అరిగింది, అంతే కదా. అరగని ఒరిజినల్ తెచ్చి పెడితే ఆరుమ్ నోరు మూతపడుతుంది, బండి పరువూ నిలుస్తుంది. తలుపు ఎప్పటి తలుపే కనక లస్మినికీ ఇబ్బంది ఉండదు.

మలాంగ్ వెళ్ళాను. పాత బండి సామాన్ల కో లియాంగ్ దగ్గర మైనం కాగితం విప్పని ఎడమ తలుపు గడియ ఒకటి ఉందని ఎప్పటి నుంచో తెలుసు. నా దగ్గరున్న అదనపు హెడ్‌లైట్ల జత మీద ఆయన కన్ను, మార్పిడికి అవి పట్టుకెళ్ళాను.

"రండి పాక్, రండి వీరత్మొగారూ! మీరు ముసలాడైపోయారు, బండి మాత్రం పెళ్ళికూతురే."

"పెళ్ళికూతురికి నగ కావాలి. తియ్యండి."

గడియ తెచ్చి అరచేతిలో పెట్టాడు. బరువుగా, నల్లగా, నాలుక పక్కన ఫ్యాక్టరీ ముద్రతో. దాన్ని చూస్తే నాకు ఆకలి కూడా గుర్తు రాలేదు. ఆయన బండి చుట్టూ తిరుగుతూ ఎడమ తలుపు దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వంగి, గడియని వేలితో తడిమాడు.

"ఇదీ... ఒరిజినలేనా?"

"మరి?"

"బాగుంది, బాగుంది. ఎండ ముదిరింది, పదండి, అన్నం తిని వెళ్దురుగాని. మా ఆవిడ చేపల పులుసు పెట్టింది."

చైనా వాళ్ళు ఉన్నమాట మొహం మీదే అంటారని చెప్పుకుంటాం గానీ, కో లియాంగ్ జావాలో నాలుగు తరాలుగా ఉన్న మనిషి. మాకంటే ఎక్కువ మొహమాటం. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదనుకుంటాను.

ఆగస్టు 17

జెండా పండగ. వీధిలో బాజాలు, గోనె సంచుల పరుగు పందేలు. తలుపు చప్పుడు వినపడలేదు. గోలలో కలిసిపోయి ఉంటుంది.

తర్వాత వెళ్ళి చూశాను. మూసే ఉంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆగస్టు 22, గురువారం

ఎడమ తలుపు లోపలి అట్ట విప్పాను. ఈ బండి కొన్నాక ఆ తలుపు మరలు తిప్పడం ఇదే మొదటిసారి. ఒరిజినల్ మరని ఊరికే కదపకూడదన్నది నా నియమం. దాన్ని తుడవడం, నూనె రాయడం లస్మినే చూసుకునేది. "నా వైపు నేను చూసుకుంటా, మీరు ఇంజను సంగతి చూడండి" అనేది.

కో లియాంగ్ ఇచ్చినదాన్ని పక్కన పెట్టి చూశాను. తలుపులో ఉన్న దీనికి ముద్ర లేదు. అంచు మీద ఆకురాయి గీతలున్నాయి. ఫ్యాక్టరీ దానికి ఒకటే పన్ను, దీనికి రెండు.

మొదటి బ్యాచ్ అయ్యుంటుంది. మొదట్లో రెండు పళ్ళతో చేసి, తర్వాత ఒకటి తీసేసి ఉంటారు. మొదటి బ్యాచ్‌కి ముద్ర వేసేవాళ్ళు కాదేమో.

మొదటి బ్యాచే.

ఆగస్టు 23, శుక్రవారం, పహింగ్

బ్లితార్‌లో ముజియొనో షెడ్డుకి వెళ్ళాను. అతనిది తెర వెనక పని. సొట్టపడ్డ బండి తెర లోపలికి వెళ్తుంది, నున్నగా బయటికొస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూడకూడదు. లోపల జిన్నులు సుత్తి పట్టుకుంటాయని జనం చెప్పుకుంటారు. ఉన్నది జాకీ అని నా నమ్మకం. అయినా నేనూ తెర ఎత్తి చూడలేదు, అందరిలాగే బయట బెంచీ మీద టీ తాగుతూ కూర్చునేవాడిని. పని వాళ్ళ తెర ఎత్తడం మర్యాద కాదు.

ముజియొనోకి పది వేళ్ళకీ రంగురాళ్ళ ఉంగరాలే. నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు ఇవాళ గడియ చూసి తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"ఇది మొదటి బ్యాచ్‌దే కదా?" అన్నాను.

"అయ్యుంటుంది పాక్. అయ్యుంటుంది. టీ తాగండి."

"తాగాను."

"ఇంకోటి తాగండి."

ఊరికే కూర్చోలేక వంతెన మీద జరిగింది చెప్పాను, మా అమ్మాయి గొడవ ఎలా చేసిందో నవ్వుతూ చెప్పాను. అతను నవ్వలేదు.

"పిల్లాడు కూడా ఉన్నాడా? తలుపు మొత్తం విచ్చుకోలేదు కదా?"

"లేదు. వేలెడంత తెరుచుకుని ఆగిపోయింది."

"అల్‌హమ్‌దులిల్లా" అని గబగబా కళ్ళు తుడుచుకున్నాడు. "బూ లస్మినిగారు అన్నంత పనీ చేశారు. రండి పాక్, ఇక దాచి లాభం లేదు." చెయ్యి పట్టుకుని తెర దాటించాడు. లోపల ఒక జాకీ, సుత్తులు, బస్తా మీద నిద్రపోతున్న పిల్లి. అంతే.

"బయటి మనుషుల్లో ఈ తెర దాటింది ఒక్కరే పాక్. మీ ఆవిడ."

పూజొన్ ఘాట్ రోడ్డులో ఒకసారి గడియ జారి తలుపు మొత్తం విచ్చుకుంది. నాకు గుర్తే. లస్మిని పట్టీ పట్టుకుని వేలాడింది, నేను బండి ఆపాను, తను నవ్వింది. నవ్విందనే నాకు గుర్తు. ఆ తర్వాత వారమే తను ఒంటరిగా బస్సెక్కి ఇక్కడికి వచ్చిందట. రెండు పళ్ళ గడియ ఒకటి చేసి పెట్టమందట. ఒకటి జారినా రెండోది పట్టుకోవాలి అందట.

"మరి నేను?"

"మీరు ఫెండరు సొట్ట అని బండి తెచ్చారు చూడండి, అప్పుడు పెట్టేశాం. మీరు బయట టీ తాగుతున్నారు."

ఫెండరుకి ఇన్ని రోజులా అని అప్పుడు అతన్ని నేనే తిట్టాను.

"గడియ చెయ్యడం ఎంతసేపు పాక్? చప్పుడు దగ్గరే చచ్చాం. రెండు పళ్ళు కదా, రెండుసార్లు టక్కుమంటుంది. మా ఆయనకి పాము చెవులు, ఒక్కసారే వినపడాలి అన్నారు. రెండో పన్ను కింద తోలు ముక్క అంటించాం. ఆవిడ ఇక్కడ నిలబడి, కళ్ళు మూసుకుని, తలుపు వేసి వింటారు. ఇది కాదు, ఇంకాస్త బరువుగా ఉండాలి అంటారు. మళ్ళీ తోలు మార్చాలి. మళ్ళీ బస్సెక్కి వస్తారు."

తలుపు అట్ట మడతలోంచి నల్లగా ఎండిపోయిన తోలు పీలిక ఒకటి తీసి చూపించాడు. అరిగి ఊడిపోయింది. అందుకే ఇప్పుడు ఆ రెండో పన్ను బయటికి వినపడుతోంది. సాయంత్రం రేకు చల్లబడగానే మొదటి పన్ను జారుతుంది, రెండోది పట్టుకుంటూ చప్పుడు చేస్తుంది.

"భయమేస్తోందని నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"నేనూ అదే అడిగాను. చెబితే బండి అమ్మేస్తారు, అమ్మేసి ఆయన ఏం చేస్తారు పాపం అన్నారు."

ఒరిజినల్ బిగించకుండానే తిరిగొచ్చాను.

ఆగస్టు 24

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 26, సోమవారం, క్లివోన్

నా చెవిలో పువ్వు పెట్టింది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని, క్లబ్బు వాళ్ళకి నేను నా ఒరిజినల్ గొప్పలు చెబుతుంటే టీ అందిస్తూ తలూపింది. ఆ రోజు నా మెడలో ఇత్తడి బిళ్ళ వేస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది తనే.

కోపం వస్తోంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఎక్కడ పెట్టుకోను? సాయంత్రం టక్ మనగానే షెడ్డులోకి వెళ్ళి అరిచాను. "చెప్పకుండా దాచడమేంటే! నేనేం రాక్షసుడినా?" పక్కింటావిడ బూ ముర్తి గోడ మీదుగా తల పెట్టి, ఎలక వచ్చిందా అని అడిగింది. అవునన్నాను.

మా వైపు ఎదుటి మనిషితో కాదు అనరు. అలాగే అంటారు. అది ఔనో కాదో విన్నవాడే తెలుసుకోవాలి. నేను ఎప్పుడూ ఔనే అనుకున్నాను. మిల్లు క్వార్టర్స్ వదిలి ఈ ఇంటికి వద్దామంటే అలాగేనండీ అంది. రెండో పిల్ల వద్దంటే అలాగేనండీ అంది. చివరికి ఆసుపత్రిలో, నేను ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తానంటే, అలాగేనండీ, వెళ్ళిరండి అంది. అదే ఆఖరి మాట. వాటిలో ఏవి అసలువి? ఎవరిని అడగను?

చెబితే బండి అమ్మేసేవాడినా? అమ్మేసేవాడినే.

అమ్మేసేవాడిని అనే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

బల్ల మీద రెండు గడియలున్నాయి. కో లియాంగ్ ఇచ్చిన అసలుది, తెగాల్ నుంచి వచ్చిన నకలు. మూడోది తలుపులోనే ఉంది, తను చేయించింది. ఒరిజినల్ పిచ్చోడిని నేనే, ఇప్పుడు ఆ డూప్లికేట్‌నే విప్పబుద్ధి కావడం లేదు. దాని వల్లే రోజూ సాయంత్రం ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంటుంది.

ఆరుమ్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అది ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు తెలుసు నాన్నా."

"నీకు తెలుసా!"

"ఇంట్లో తెలియంది నీకొక్కడికే. అమ్మతో ఒకసారి బస్సులో నేనూ వెళ్ళాను. నాకు ఐస్ కొనిపెట్టి ఎవరికీ చెప్పొద్దంది."

"మరి వంతెన మీద ఎందుకు చెప్పలేదే?"

"అమ్మ దాచింది. నేనెలా చెబుతాను? నువ్వే తలుపు విప్పి చూస్తావనుకున్నా. నాన్నా, అమ్మ పెట్టింది అరిగిపోయింది. ఆ రోజు మా ఇద్దరినీ పట్టుకుంది, ఇంకోసారి పట్టుకుంటుందో లేదో. అమ్మ బతికుంటే ఇప్పుడు ఏం చేసేది?"

ఫోన్ పెట్టేశాను. జవాబు తెలియక కాదు. అరిగిన తోలుని, అరిగిన పన్నుని లస్మిని ఒక్క రోజు కూడా ఉంచేది కాదు. మర్నాడే బస్సెక్కేది.

సెప్టెంబరు 5, గురువారం, క్లివోన్

తెగాల్ గడియ బిగించాం. రెండు పళ్ళది. ముజియొనో నన్ను తెర లోపలే కూర్చోబెట్టాడు. బెల్టు కూడా పెట్టాడు. ఒరిజినల్ రేకుకి రంధ్రం పడుతుంటే పన్ను పీకినట్టే ఉంది, కానీ ఊరుకున్నాను.

"పాక్, తోలు అంటించమంటారా? చప్పుడు అచ్చం పాతదానిలాగే చేసిస్తాను. నా దగ్గర ఆ కొలత ఇంకా ఉంది."

నోటిదాకా వచ్చింది, అంటించమని.

"వద్దు. రెండూ వినపడనియ్" అన్నాను.

టక్, టక్. ఎవరు విన్నా ఇది నకిలీదని తెలిసిపోతుంది.

దారిలో క్లబ్బుకి వెళ్ళి ఇత్తడి బిళ్ళ ఇచ్చేశాను. కో లియాంగ్ గడియ ఆయనకే పంపించేస్తున్నాను, హెడ్‌లైట్లు ఉంచుకోమన్నాను.

సెప్టెంబరు 6

అజాన్ అయిపోయింది. షెడ్డులో కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు.

తను పోయినప్పుడు చుట్టూ జనం ఉన్నారు, నీళ్ళు పొయ్యాలి, గుడ్డ చుట్టాలి, మొయ్యాలి, ఏడవడానికి తీరిక లేకపోయింది. ఇవాళ ఏడ్చాను. బండి బానెట్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సెప్టెంబరు 8, ఆదివారం, పొన్

వెయ్యో రోజు అయిపోయింది.

సమాధికి రాయి పెట్టాం. ఇమాముగారు చదివారు. ఆరుమ్ పావురాల జత వదిలింది. ఒకటి ఎగిరిపోయింది, రెండోది సమాధి గట్టు మీదే కూర్చుని కదలనంది. బూ ముర్తి చప్పట్లు కొట్టి అదిలిస్తే అప్పుడు లేచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆరుమ్ ముందు సీట్లో కూర్చుంది. పిల్లాడు చీర ఉయ్యాలలో దాని గుండెకి కట్టి ఉన్నాడు. నేను దిగి రెండోసారి కూడా తలుపు లాగి చూశాను. "గడియ పడింది నాన్నా, నీ సీట్లో నువ్వు కూర్చో" అని విసుక్కుంది. పొద్దుటి నుంచి వంటలతో, చుట్టాలతో దానికి నడుము విరిగినట్టుంది. చెరుకు తోటలు దాటేలోగా మాటలు ఆగిపోయాయి. చూస్తే తల తలుపుకి ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

వాళ్ళమ్మ కూడా అలాగే నిద్రపోయేది, తల తలుపుకి ఆనించి. కానీ మొదటి నుంచీ కాదు. పెళ్ళైన కొత్తలో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు, లస్మిని ఈ బండిలో కన్ను మూసి ఎరగదు. పట్టీ పట్టుకుని, నిటారుగా కూర్చుని, రోడ్డు వైపే చూస్తూ కబుర్లు చెప్పేది. కబుర్లంటే ఇష్టం అనుకున్నాను. ఒక రోజు, బ్లితార్ నుంచి ఫెండరు బాగుచేయించుకుని వస్తూ ఉంటే, మొట్టమొదటిసారి నిద్రపోయింది. గుర్రు పెట్టి నిద్రపోయింది. నేను నవ్వి, భుజం తట్టి లేపాను. "ముసలిదానివైపోయావే, బండి ఎక్కగానే నిద్రా?" అన్నాను. "అలాగే అనుకోండి" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఇవాళ ఎదురుగా లారీలు, అడ్డంగా మోటారు సైకిళ్ళు, ఒకచోట బాతుల మంద రోడ్డు దాటింది. అవన్నీ దాటేదాకా ఆగాను. ఇంటి దాకా హారన్ కొట్టలేదు.